ఆపినా తిరిగే మీటరు

మాక్లూర్: రిమోట్‌పై ఎర్ర మీట నొక్కగానే టీవీ తెర చీకటవుతుంది. టీవీ ఆగిపోయిందని భావించి ఇంటిల్లిపాదీ నిద్రకు ఉపక్రమిస్తారు. తెర అంచున చిన్న ఎర్ర దీపం మాత్రం తెల్లవారే వరకు వెలుగుతూనే ఉంటుంది. పక్కనున్న సెట్‌టాప్ బాక్సును ముట్టుకుంటే గోరువెచ్చగా తగులుతుంది. గోడకు తగిలించిన స్టెబిలైజర్ సన్నగా మూలుగుతూ ఉంటుంది. ఆ సమయంలో వీటిలో ఏ ఒక్కటీ ఎవరికీ ఉపయోగపడడం లేదు. అయినా వరండా గోడకు బిగించిన మీటరు వీటన్నింటినీ లెక్కిస్తూనే ఉంటుంది.

ఆగినట్లు కనిపిస్తూనే, మళ్లీ పనిచేసేందుకు సిద్ధంగా ఉండడం కోసం పరికరం వాడుకునే ఈ విద్యుత్తును స్టాండ్‌బై విద్యుత్తు అంటారు. రిమోట్ సంకేతాన్ని అందుకోవాలన్నా, అంకెల గడియారాన్ని చూపాలన్నా పరికరం లోపలి భాగం కొంత మేల్కొని ఉండక తప్పదు. ఒక్కొక్కటి తీసుకునేది స్వల్పమే. అయితే దీపం, ఫ్యాను మాదిరిగా కొన్ని గంటలు కాకుండా రోజంతా, అంటే నెలకు 720 గంటలు తీసుకుంటూనే ఉంటుంది. ఒక వాట్ చొప్పున ఏడాది పొడవునా ఖర్చయితే 8.76 యూనిట్లు అవుతుంది. పది వాట్లయితే నెలకే ఏడు యూనిట్లు దాటుతుంది.

ఏడు యూనిట్లు ఏపాటివని అనిపించవచ్చు. చాలా ఇళ్లలో అది పాతిక, ముప్పై రూపాయల మాటే. కానీ తెలంగాణలో గృహ విద్యుత్తు చార్జీల అమరికను గమనిస్తే, కొన్ని ఇళ్లకు ఆ ఏడు యూనిట్లే వెయ్యి రూపాయల భారంగా పరిణమించగలవని అర్థమవుతుంది.

రెండు వందల గీత

రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద, అర్హత కలిగిన తెల్ల రేషన్ కార్డుదారుల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తును ఉచితం చేసింది. అంతవరకు వాడిన ఇంటికి సున్నా బిల్లు వస్తుంది. అయితే వాడకం 200 దాటి 201కి చేరితే, అదనంగా వాడిన ఒక్క యూనిట్‌కు చెల్లిస్తే సరిపోతుందన్న అభిప్రాయం సరికాదు. ఆ నెలకు మొత్తం 201 యూనిట్లకూ బిల్లు కట్టవలసి ఉంటుంది. మరుసటి నెలలో మళ్లీ 200 లోపు వాడితే మళ్లీ సున్నా బిల్లు వస్తుంది.

ఆ బిల్లు ఎంత ఉంటుందో చూద్దాం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ ఒక్కింటికి రూ.5.10, ఆపై 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9 చొప్పున లెక్కిస్తారు. అంటే 201 యూనిట్లకు ఇంధన చార్జీయే రూ.1,027.70. దీనికి స్థిర చార్జీ, వినియోగదారు చార్జీ, విద్యుత్ సుంకం అదనం. సున్నాకూ, ఈ మొత్తానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క యూనిట్.

పథకం వర్తించని ఇళ్లకూ ఇటువంటి మెట్లు ఉన్నాయి. వందకు పైగా 200 యూనిట్ల వరకు వాడే ఇంటికి మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80 చొప్పున లెక్కించగా 200 యూనిట్లకు రూ.820 అవుతుంది. 201కి చేరగానే పైన చెప్పిన రూ.1,027.70 పడుతుంది. ఒక్క యూనిట్‌కు రూ.207.70 అన్నమాట. చిన్న ఇళ్లకు వంద యూనిట్ల వద్ద మరో మెట్టు ఉంది. వంద వరకు మొదటి 50 యూనిట్లకు రూ.1.95, తరువాతి 50కి రూ.3.10 చొప్పున రూ.252.50 కాగా, 101 యూనిట్లకు రూ.344.80 అవుతుంది. మెట్టు దాటినప్పుడు కొత్త ధర అదనపు యూనిట్లకే కాక కింది యూనిట్లకూ వర్తించడమే ఇందుకు కారణం. బిల్లు ఒక్కసారిగా పెరిగిందని, మీటరు తప్పుగా తిరుగుతోందని వినియోగదారులు అనుమానించే సందర్భాలలో కొన్నింటి వెనుక ఉన్నది ఈ మెట్లే.

183కు 18 కలిస్తే

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వెళ్లే దారికి అటూ ఇటూ ఉన్న గ్రామాలలో నలుగురు సభ్యుల సాధారణ కుటుంబాన్ని ఊహించుకుందాం. ఏప్రిల్ నెల. ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్ చొప్పున 30. మామూలు రకం 75 వాట్ల ఫ్యాన్లు మూడు, పన్నెండేసి గంటలు తిరిగితే 81. ఎల్‌ఈడీ దీపాలకు 10. టీవీ ఐదు గంటలు నడిస్తే 9. కూలర్ ఎనిమిది గంటలకు 36. నీళ్ల మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె కలిపి 17. మొత్తం 183 యూనిట్లు. గీతకు ఇంకా పదిహేడు యూనిట్ల దూరం ఉంది.

ఇప్పుడు అదే ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోనివి చూద్దాం. సెట్‌టాప్ బాక్సు 10 వాట్లు, టీవీకి కలిపిన స్పీకర్ల పెట్టె 6, పగలు కూడా తీయకుండా వదిలేసిన దోమల మందు యంత్రం 5, నీటి శుద్ధి యంత్రం 2, టీవీ ఎర్ర దీపం 1, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ 1. అన్నీ కలిపి 25 వాట్లు. ఒక చిన్న దీపంతో సమానం. నెల రోజులు రాత్రింబవళ్లు ఇలాగే సాగితే 18 యూనిట్లు. మొత్తం 201.

ఈ లెక్క ప్రతి ఇంటికీ ఇలాగే వర్తించదు. 120 యూనిట్లు వాడే ఇంట్లో ఆ 18 యూనిట్లు మిగిల్చినా నెలకు ఆదా అయ్యేది సుమారు 86 రూపాయలే. ఏసీలు ఉండి 350 యూనిట్లు దాటే ఇంట్లో అదే ఆదా రూ.162 అవుతుంది. గీతకు దగ్గరగా ఉన్న ఇంటికి మాత్రం ఇది పూర్తిగా వేరే విషయం. పై ఉదాహరణలో స్విచ్‌బోర్డు వద్ద ఆపడం ద్వారా 18లో 12 యూనిట్లు తగ్గించగలిగినా వాడకం 189 వద్ద ఆగుతుంది. బిల్లు సున్నాగానే ఉంటుంది.

బీడీలు చుట్టే ఇళ్లలో పగలంతా ఫ్యాను తిరగడం, పనిచేసుకుంటూ టీవీ చూడడం సహజం. అది వాడకమే కానీ వృథా కాదు. ఎవరూ చూడని, వినని, వాడని వేళల్లో ఖర్చయ్యేదే ఇక్కడి చర్చనీయాంశం.

నింద చార్జర్‌పై, భారం బాక్సుది

విద్యుత్ పొదుపు గురించిన సలహాలలో తరచూ వినిపించేది సెల్‌ఫోన్ చార్జర్ పేరు. ఫోను తీసేశాక చార్జర్‌ను ప్లగ్గుకే వదిలేయవద్దని అందరూ చెబుతారు. వాస్తవానికి నేటి తేలికపాటి చార్జర్లు ఫోను లేనప్పుడు తీసుకునేది ఒక వాట్‌లో చిన్న భాగం. 0.2 వాట్ చొప్పున నెలంతా ఉంచినా 0.14 యూనిట్ మాత్రమే. పూర్వం వచ్చిన బరువైన, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లు ఒకటి రెండు వాట్లు తీసుకునేవి. ఆ కాలపు సలహా పరికరం మారినా మిగిలిపోయింది. చార్జర్ తీసేయడం మంచిదే, కానీ అందుకు కారణం పిల్లల భద్రత, వేడెక్కే నాసిరకం చార్జర్ల వల్ల పొంచి ఉన్న ప్రమాదం. బిల్లుపై దాని ప్రభావం లేనట్లే.

అసలు భారం సెట్‌టాప్ బాక్సుది. కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ 2012లో మహానగరాలతో మొదలై, నాలుగో దశలో గ్రామీణ ప్రాంతాలకు 2017 మార్చి 31 గడువుగా పూర్తయింది. ఆ తరువాత మారుమూల పల్లెలో సైతం టీవీ ఉన్న ఇంట్లో బాక్సు తప్పనిసరి అయింది. రకాన్ని బట్టి ఇది 5 నుంచి 15 వాట్ల వరకు తీసుకుంటుంది. చాలా బాక్సుల్లో రిమోట్‌తో ఆపినప్పుడు ముందరి దీపం రంగు మారడమే తప్ప వాడకం పెద్దగా తగ్గదు. టీవీని ఆపడం అలవాటున్న ఇళ్లలో కూడా బాక్సును ఆపడం అరుదు. తిరిగి వేసినప్పుడు ఛానళ్లు రావడానికి కొద్దిసేపు పడుతుందన్నది ఒక కారణం. ఆ కొద్దిసేపటి ఓపికకు దక్కే ప్రతిఫలం నెలకు నాలుగు నుంచి ఎనిమిది యూనిట్లు. రెండు టీవీలు, రెండు బాక్సులు ఉన్న ఇంట్లో అది రెట్టింపు.

రెండో స్థానం స్టెబిలైజర్‌ది. యాసంగిలో వ్యవసాయ మోటార్లన్నీ ఒక్కసారిగా నడిచే ప్రాంతాల్లో లో ఓల్టేజీ అనుభవం లేని ఇల్లు ఉండదు. ఆ రోజుల్లో టీవీకి, ఫ్రిజ్‌కు వేర్వేరు స్టెబిలైజర్లు కొన్నారు. సరఫరా మెరుగుపడిన తరువాత కూడా అవి గోడకే ఉన్నాయి. స్టెబిలైజర్‌కు ఏ పరికరాన్నీ కలపకపోయినా, కలిపినది ఆగి ఉన్నా, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొన్ని వాట్ల నుంచి పదిహేను వాట్ల వరకు వేడి రూపంలో వృథా చేస్తుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలలో చాలావాటి వెనుక 100 నుంచి 240 వోల్టులని ముద్రించి ఉంటుంది. అటువంటి టీవీకి ప్రత్యేక స్టెబిలైజర్ అవసరం లేదు. ఏసీ స్టెబిలైజర్‌ను వేసవి ముగియగానే ఎంసీబీ వద్ద ఆపివేయాలి. నవంబరులో కూడా అంకెలు చూపుతూ వెలిగే ఏసీ స్టెబిలైజర్లకు కొదవ లేదు.

గల్ఫ్ దేశాలకు వలసలు అధికంగా ఉన్న ఈ జిల్లాలో మరో సామగ్రి గురించి చెప్పుకోవాలి. అక్కడి నుంచి తెచ్చిన స్పీకర్ల పెట్టెలు, మైక్రోవేవ్‌లు, కాఫీ యంత్రాలు ముందు గదిలో ఏళ్ల తరబడి ప్లగ్గుకే ఉంటాయి. నెలకు ఒకసారి కూడా వాడని మైక్రోవేవ్ గడియారాన్ని చూపడానికే రెండు మూడు వాట్లు తీసుకుంటుంది. పాత 110 వోల్టుల పరికరమైతే దానికి తోడుగా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా వేడెక్కుతూ ఉంటుంది.

గీజర్‌ను ఈ జాబితాలో చేర్చవచ్చా అంటే సందేహమే. అది స్టాండ్‌బై కాదు, పూర్తిగా పనిచేయడమే. ఆపడం మరిచిన గీజర్‌లో నీరు చల్లబడినప్పుడల్లా తిరిగి కాగుతుంది. పదిహేను లీటర్ల గీజర్‌లో ఇలా రోజుకు అర యూనిట్ అటూ ఇటూగా పోతుంది. నెలకు పదిహేను యూనిట్లు.

పాత మీటరు చూడనిది

గత తరం ఈ లెక్కలను పట్టించుకోకపోవడానికి ఒక కారణం ఉంది. అల్యూమినియం చక్రం తిరిగే పాత మీటర్లలో అతి స్వల్ప వాడకానికి చక్రం కదిలేది కాదు. పడక గదిలో వెలిగే ‘జీరో బల్బు’కు ఆ పేరు రావడం వెనుక ఉన్నదీ ఈ నమ్మకమే. నిజానికి ఆ బల్బు 12 నుంచి 15 వాట్లు తీసుకునేది. రాత్రికి పది గంటల చొప్పున నెలకు సుమారు నాలుగు యూనిట్లు. చక్రపు మీటర్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాక చిన్న వాడకాలు కూడా నమోదవుతున్నాయి.

అదే ఎలక్ట్రానిక్ మీటరు వినియోగదారుకు ఉచితంగా ఒక పరీక్షా సాధనాన్ని కూడా ఇచ్చింది. మీటరు ముందు భాగంలో వెలిగి ఆరే ఎర్ర దీపం ఉంటుంది. దాని పక్కన 3200 లేదా 1600 వంటి సంఖ్య ముద్రించి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేలోగా దీపం అన్నిసార్లు వెలుగుతుందని దాని అర్థం. రాత్రి పడుకునే ముందు దీపాలు, ఫ్యాన్లు, కూలర్ ఆపాలి. ఫ్రిజ్‌ను పది నిమిషాలు ఆపినా నష్టం లేదు. మిగిలినవాటిని రోజూ ఎలా వదిలేస్తారో అలాగే ఉంచాలి. మీటరు దీపం ఒకసారి వెలిగినప్పటి నుంచి మళ్లీ వెలిగే వరకు ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోన్‌లో చూసుకోవాలి. ఆ సెకన్లను మీటరుపై ఉన్న సంఖ్యతో హెచ్చించి, 36 లక్షలను ఆ లబ్ధంతో భాగిస్తే వచ్చేదే ఇంటి స్టాండ్‌బై వాడకం, వాట్లలో. ఉదాహరణకు 3200 మీటరులో 45 సెకన్లు పడితే 25 వాట్లు. ఆ వాట్లను 0.72తో హెచ్చిస్తే నెలకు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. తరువాత ఒక్కో స్విచ్ ఆపుతూ చూస్తే ఏది ఎంత తీసుకుంటోందో బయటపడుతుంది. పరీక్ష పూర్తికాగానే ఫ్రిజ్‌ను తిరిగి వేయడం మరువరాదు.

అన్ని స్విచ్‌లూ ఆపినా దీపం వెలుగుతూ ఉంటే అది వేరే సమస్య. తడిసిన గోడలో వైరు నుంచి విద్యుత్తు భూమిలోకి పోతుండవచ్చు. ఇంటి మెయిన్ ఆపిన తరువాత కూడా వెలుగుతుంటే లోపం మీటరుకు, మెయిన్‌కు మధ్య ఉన్నట్లు. మొదటి సందర్భంలో ఎలక్ట్రీషియన్‌ను, రెండో సందర్భంలో లైన్‌మన్‌ను పిలవాలి. విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరుపై కూడా ఫిర్యాదు చేయవచ్చు. మీటరును సొంతంగా విప్పరాదు.

కొనేటప్పుడే చూడవలసింది

ఈ వృథాపై ప్రపంచ దృష్టిని మళ్లించిన వారిలో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త అలన్ మయర్ ముఖ్యులు. ఏ పరికరమైనా స్టాండ్‌బైలో ఒక వాట్ మించరాదన్న ప్రతిపాదనను అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో చేపట్టింది. 2001లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రభుత్వ కొనుగోళ్లకు ఈ పరిమితిని వర్తింపజేస్తూ ఆదేశించారు. ఐరోపా సమాజం 2010 నుంచి ఒక వాట్, 2013 నుంచి అర వాట్ పరిమితిని చట్టబద్ధం చేసింది. మన దేశంలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం 2002 మార్చిలో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ, బీఈఈ, నక్షత్రాల గుర్తులు జారీ చేస్తోంది. టీవీలకు ఇచ్చే నక్షత్రాలలో స్టాండ్‌బై వాడకాన్ని కూడా లెక్కిస్తారు. కొత్త టీవీలలో ఈ వాడకం ఒక వాట్‌కు లోపే ఉండడానికి ఈ ఒత్తిళ్లే కారణం. బాక్సులు, స్టెబిలైజర్లు, స్పీకర్ల పెట్టెలు మాత్రం కొనుగోలుదారు అడగనందున వెనుకబడి ఉన్నాయి.

ఇల్లు ఇల్లూ కలిస్తే ఇది ఎంతవుతుందో స్థానిక కొలతతోనే చూడవచ్చు. 2011 జనగణన ప్రకారం అప్పటి ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జనాభా 25.51 లక్షలు. ఇంటికి ఐదుగురి చొప్పున లెక్కించినా ఐదు లక్షల ఇళ్లు. ఒక్కో ఇంట్లో 20 వాట్లు వృథా అయితే మొత్తం పది మెగావాట్లు. బోధన్ చెరకు పొలాలకు నీరిచ్చిన నిజాంసాగర్ జలవిద్యుత్ కేంద్రంలోని రెండు యంత్రాల సామర్థ్యం, ఒక్కొక్కటి ఐదు మెగావాట్ల చొప్పున, సరిగ్గా అంతే. పైగా ఆ యంత్రాలు నీరు వదిలినప్పుడే తిరుగుతాయి, ఎర్ర దీపాలకు సెలవు లేదు.

ఇదే తర్కాన్ని జిల్లా రైతులు మరో రూపంలో ఎరుగుదురు. విద్యుత్తు విడతల వారీగా, తరచూ అర్ధరాత్రి వచ్చే రోజుల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఆరంభమయ్యే ముందు వాటిని తొలగించాలని ప్రభుత్వం, విద్యుత్ సిబ్బంది ఊరూరా కోరారు. కరెంటు వచ్చిన ప్రతిసారీ మడికి నీరు చాలినా చాలకున్నా మోటారు దానంతటదే తిరగడం అప్పటి అభ్యంతరం.

ఏవి ఆపాలి, ఏవి వద్దు

మన స్విచ్‌బోర్డులలో ప్రతి ప్లగ్గుకూ స్విచ్ ఉంటుంది. అమెరికా వంటి దేశాలలో ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు కాబట్టే అక్కడి సలహాలన్నీ ప్లగ్గు పీకమని చెబుతాయి. ఇక్కడ రోజువారీ ఆదాకు స్విచ్ ఆపితే చాలు. టీవీ, బాక్సు, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి, పడుకునే ముందు ఒక్క స్విచ్‌తో ఆపడం అన్నింటికన్నా సులువు. టీవీ వెనుక చేయి దూరని చోట స్విచ్ ఉన్న ఇళ్లలో ఈ బోర్డు లేకుండా అలవాటు నిలవడం కష్టం.

ఉరుములు, మెరుపులతో కూడిన వానలకు మాత్రం స్విచ్ సరిపోదు. పసుపు ఆరబెట్టే రోజుల్లో, మార్చి నుంచి మే వరకు ఈదురు గాలులతో పాటు పిడుగులు పడడం ఇక్కడ పరిపాటి. అప్పుడు ప్లగ్గును, దానితో పాటు బాక్సుకు వచ్చే కేబుల్ లేదా డిష్ తీగను కూడా విడదీయాలి. అదీ మబ్బు కమ్మినప్పుడే చేయాలి. ఉరుములు నెత్తిమీదకు వచ్చాక తీగలు ముట్టుకోవడం ప్రమాదకరం.

ఫ్రిజ్‌ను రాత్రిళ్లు ఆపి తెల్లవారి వేసే పద్ధతి కొన్ని ఇళ్లలో ఉంది. దీనివల్ల పాలు, కూరలు చెడిపోతాయి. పొద్దున్నే అది ఏకబిగిన ఎక్కువసేపు పనిచేయవలసి వస్తుంది. ఇన్వర్టర్‌ను కూడా ఆపరాదు. బ్యాటరీ నిండిన తరువాత కూడా పది వాట్లకు పైగా తీసుకుంటుందన్నది వాస్తవమే అయినా, సరఫరా నిలిచిన వేళ పనికిరాని ఇన్వర్టర్ వల్ల ప్రయోజనం లేదు. ముసలిదైన బ్యాటరీ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దానిని మార్చడమే మార్గం. వైద్య పరికరాలు, సీసీ కెమెరాలు సరేసరి.

స్పాట్ బిల్లింగ్ సిబ్బంది ఇచ్చే కాగితంపై మీటరు రీడింగు, తేదీ ఉంటాయి. గీతకు దగ్గరగా ఉండే ఇళ్లవారు ఆ తేదీ నుంచి పదిహేనో రోజున మీటరు చూసి, పాత రీడింగును తీసివేస్తే సగం నెల వాడకం తెలుస్తుంది. అది 95 లోపు ఉంటే తొందర లేదు. 105 వచ్చిందంటే బాక్సు, స్పీకర్లు, దోమల మందు యంత్రం స్విచ్‌లు ఆపడానికి ఇంకా పదిహేను రోజులు చేతిలో ఉన్నాయి. అయితే పైన చెప్పిన ఇంట్లో పదిహేను రోజులు పూర్తిగా ఆపినా మిగిలేది తొమ్మిది యూనిట్లే కనుక, మిగతా కొరతను కూలర్ గంటలు తగ్గించి పూడ్చుకోవలసి ఉంటుంది.